చిత్తుప్రతికి రక్షణ, రచయితకు మర్యాద కావాలి: రచయితల సంఘం పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులు, కార్యదర్శి, కార్యవర్గ సభ్యులు, సీనియర్ రచయితలకు

నమస్కారం.

నెలనెలా విజయవాడలో జరిగే మన కథాపఠన సమావేశాలకు గుంటూరు నుంచి వచ్చే సభ్యుల్లో నేనొకదాన్ని. హాలు అద్దె దగ్గర్నుంచి టీ ఖర్చు దాకా మీ జేబుల్లోంచి పెట్టుకుని ఇన్నేళ్లుగా ఈ సమావేశాలు నడుపుతున్నారు. ఆ శ్రమ మీద గౌరవం ఉంది కాబట్టే ముందు మీకే చెప్పుకున్నాం. సమావేశంలో చదివిన చిత్తుప్రతులు బయటికి పోతున్నాయని, కొత్తగా రాసేవాళ్లకు అవమానం జరుగుతోందని వేసవిలో కొందరు సభ్యులం సంతకాలు పెట్టి లేఖ ఇచ్చాం. కార్యవర్గంలో చర్చిస్తామన్నారు. దసరా వెళ్లాక మళ్లీ అడిగితే, "ఇవన్నీ ఎక్కడైనా ఉండేవేనమ్మా, రాసేవాళ్లు పట్టించుకోకూడదు" అన్నారు. లేఖకు జవాబు రాలేదు. సమావేశం ఎజెండాలోనూ దానికి చోటు దొరకలేదు. ఇక అందరి ముందూ అడగడం తప్ప మాకు వేరే దారి కనబడలేదు.

సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవర్నీ నలుగురిలో తలదించుకునేలా చేయడం మా ఉద్దేశం కాదు. పైగా ఇది ఒక్క సంఘానికే పరిమితమైన జబ్బూ కాదు. గుంటూరులో, తెనాలిలో, ఏలూరులో కథలు చదివించే మిత్రులతో మాట్లాడినా ఇవే మాటలు వినబడుతున్నాయి.

ఏం జరిగిందో ముందు చెబుతాను.

గుంటూరు మిర్చి యార్డు వైపు ఉండే ఒక అమ్మాయి పోయినేడాది కథ తెచ్చింది. డిగ్రీ చదివింది. వాళ్లమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. ఆ పని గురించే కథ. రూళ్ల కాగితాల మీద చేతిరాత, అక్కడక్కడా కొట్టివేతలు. మొదటి రెండు పేరాల్లో తెల్లవారడం, కోడి కూత, మంచు. మూడో పేరాలో తల్లి పని నుంచి ఇంటికొస్తుంది. ఉయ్యాల్లో పసిబిడ్డ ఏడుస్తుంటుంది. ఎంత కడిగినా చేతుల కారం పోదు కాబట్టి అరచేతులు తగలనివ్వకుండా, రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని ఆ బిడ్డను ఎత్తుకుంటుంది.

ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన పెద్దాయన ఒకరు ఆ రోజు సమావేశంలో ఉన్నారు. చదవడం అయ్యాక కాగితాలు అడిగి తీసుకుని ఇలా అన్నారు: "అమ్మాయ్, తెల్లవారడం గురించి అందరం రాసేశాం. ఈ మోచేతులు నువ్వొక్కదానివే రాశావు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. కిలోకి కూలి ఎంతిస్తారో కూడా రాయి, నాకు తెలియదు." చివరి పేజీలో తల్లి చెప్పే నాలుగు వాక్యాల పక్కన పెన్సిల్‌తో నిలువు గీత గీసి, "ఇది ఉపన్యాసం, ఆవిడ నోట పలకదు, తీసెయ్" అని రాశారు. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. ఏం చేస్తే కథ బాగుపడుతుందో ఆ అమ్మాయికి అర్థమైంది. వింటున్న మాకూ అర్థమైంది.

ఆ తర్వాత ఒక సీనియర్ రచయిత మైకు అందుకున్నారు. ఇది కథా, కూలీల మీద రిపోర్టా అన్నారు. ఈ యాసలో రాస్తే ఎవరు చదువుతారన్నారు. అక్షరదోషాలు ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించారు. పెళ్లయిందా అని అడిగి, కాలేదంటే, "మరి తల్లి మనసు నీకెలా తెలుస్తుంది?" అన్నారు. ముందు పెద్దల్ని చదువుకుని రమ్మన్నారు. అది ఎంతసేపు సాగిందో హాల్లో ఉన్నవాళ్లందరికీ గుర్తే. అధ్యక్షస్థానంలో కూర్చున్నవారు ఒక్కసారి కూడా అడ్డుకోలేదు. ఆ సాయంత్రానికే మొదటి పేజీ ఫొటో వేరే వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలు, కింద నవ్వే బొమ్మలు.

అయినా ఆ అమ్మాయి కథను వదిలేయలేదు. పెద్దాయన చెప్పినట్టు మూడో పేరా నుంచి మొదలుపెట్టి తిరగరాసింది, ఒక పత్రిక ఉగాది పోటీకి పంపింది. కథ అప్పటికే వాట్సాప్‌లో తిరిగిందని ఎవరో సంపాదకులకు చేరవేశారు. నిబంధన ప్రకారం పక్కన పెట్టేశారు. తిరగరాసిన కథ నేను చదివాను, చాలా మంచి కథ. ఇంతవరకూ అచ్చు కాలేదు. ఆ అమ్మాయి సమావేశాలకు రావడం మానేసింది.

వినయంగానే అడుగుతున్నాను. ఇందులో ఆ అమ్మాయి చేసిన పొరపాటు ఏమిటి? చిత్తుప్రతి అంటే ఇంకా పూర్తికానిదని, తప్పులుంటాయని, సాయం చేయమని తెచ్చిందని మనందరికీ తెలుసు. తప్పుల్లేని కథ ఉన్నవాళ్లకు మన సమావేశంతో పనేముంది, నేరుగా పత్రికకే పంపుకుంటారు.

మన తీరు వల్ల జరుగుతున్న నష్టాలు ఇవి.

1. బయటికి పొక్కిన డ్రాఫ్టుకు అచ్చయ్యే దారి మూసుకుపోతోంది. సంక్రాంతికీ, ఉగాదికీ, దీపావళికీ పత్రికలు పెట్టే కథల పోటీల నిబంధనలు ఒకసారి చూడండి. రచన సొంతమై ఉండాలి, ఎక్కడా ప్రచురితమై ఉండకూడదు, బ్లాగుల్లోనూ సోషల్ మీడియాలోనూ వచ్చి ఉండకూడదు, ఆ మేరకు హామీపత్రం జతచేయాలి అంటారు. అలవాటుపడ్డ రచయితకు ఒక పోటీ పోతే ఇంకొకటి. కొత్తగా రాసేవాళ్లకు ఆ బహుమతి డబ్బు ఒక నెల ఇంటి ఖర్చు. అంతకుమించి, ఇంట్లోవాళ్ల ముందు "నేను రాస్తాను" అని చెప్పుకోవడానికి అదొక్కటే ఆధారం.

చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడటం లేదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా, అచ్చు కాకపోయినా, కాగితం మీద పెట్టిన క్షణం నుంచి రచన మీద హక్కు రచయితదే. దాన్ని మొదటిసారి జనంలోకి విడుదల చేసే హక్కూ రచయితదే. తన పేరు నిలుపుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ ఇచ్చింది. తెలిసి తెలిసి కాపీరైట్ ఉల్లంఘించినవారికి 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. సాటి రచయితల మీద కేసులు పెట్టాలని మాకు లేదు. సరదాగా ఫార్వర్డ్ చేశాం అనేవాళ్లకు ఆ సరదా ఎక్కడిదాకా పోతుందో తెలియాలని చెబుతున్నాను.

2. కథావస్తువు ఎత్తుకుపోతే రచయితకు దిక్కులేదు. సుప్రీంకోర్టు 1978లో ఒక నాటకం, సినిమా తగాదాలో తేల్చి చెప్పింది: ఆలోచనకూ, ఇతివృత్తానికీ కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుంది. ఆ తీర్పు సబబే. కరువు మీద ఒకరు రాశారని ఇంకొకరు రాయకూడదంటే సాహిత్యమే ఉండదు. కానీ మన దగ్గర జరుగుతున్నది చూడండి. ఆటో నడుపుకునే ఒక సభ్యుడు తాను చూసిన సంఘటనను కథగా చదివాడు. దాన్ని దిద్దుకుని పంపేలోపే అదే సంఘటన, అదే మలుపు, అదే ముగింపుతో చేయితిరిగిన ఒకరి కథ వచ్చేసింది. వాక్యాలు వేరు కాబట్టి చట్టం అతన్ని ఆదుకోదు. ఆదుకోవాల్సింది సంఘమే. మనం అతనితో అన్నదేమిటి? "పోన్లే, నీకింకో కథ తడుతుంది." రోజంతా స్టీరింగు పట్టుకుని రాత్రి పదకొండు తర్వాత రాసుకునే మనిషికి ఇంకో కథ ఊరికే తట్టదు.

3. కథను వదిలి మనిషిని విమర్శిస్తున్నాం. కులం, ఊరు, చదువు, వయసు, పెళ్లి, ఇంగ్లీషు వచ్చా రాదా, ఇవన్నీ కథ మీద చర్చలోకి వచ్చేస్తున్నాయి. ఇది మన ప్రాంతానికి కొత్త కాకపోవడమే ఎక్కువ బాధ. వినుకొండలో పుట్టిన జాషువా కులం పేరుతో సాహిత్య సభల్లో ఎన్ని అవమానాలు పడ్డారో గుంటూరువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఏటా ఆయన జయంతికి దండలు వేస్తున్నాం. అదే ప్రాంతం నుంచి వచ్చిన కుర్రవాడు పద్యం తెస్తే "ఛందస్సు ఎవరు నేర్పార్రా నీకు?" అని అడుగుతున్నాం. ఈ రెండూ ఒకే హాల్లో జరగడం నాకు సహించరాని విషయం.

యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పల్నాడు మాట, బందరు మాట, మంగళగిరి మగ్గాల మధ్య మాట కథలోకి వస్తే అది భాష రాకపోవడం అవుతుందా? సంభాషణలో యాస పాత్రకు అతికిందా లేదా, ఒక పేజీలో ఒక రకంగా ఇంకో పేజీలో ఇంకో రకంగా ఉందా, ఇవి అడగాల్సిన ప్రశ్నలు. "ఎవరు చదువుతారు" అన్నది ప్రశ్నే కాదు.

4. ఊరికే పొగడటం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తిట్టడం ఇష్టంలేని సభ్యులు ఎక్కువమంది చేసేది "బాగుందండీ" అని చప్పట్లు కొట్టడం. ఆ చప్పట్లను నమ్మి కథలన్నీ పోగేసి సొంత ఖర్చుతో పుస్తకం వేయించుకున్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. డీటీపీకి కొంత, బొమ్మకు కొంత, ప్రింటింగుకు కొంత. ఒకావిడ గాజులు తాకట్టు పెట్టి 500 కాపీలు వేయించారు. ఆవిష్కరణ సభలో మాట్లాడినవాళ్లలో పుస్తకం పూర్తిగా చదివినవాళ్లు ఒకరో ఇద్దరో. నెల తిరక్కుండా ఒక సమీక్షకుడు రెండు కథల్లో కాలక్రమం తప్పిందని, ఒక పాత్ర పేరు మధ్యలో మారిపోయిందని రాశాడు. నిజమే, మారింది. ఆ కథ మన సమావేశంలో చదివినదే, ఇరవై మందికి పైగా విన్నాం. ఒక్కరు చెప్పినా ఆవిడ ఒక్క పూటలో దిద్దుకునేది. అచ్చయ్యాక ఏం దిద్దుతుంది? అట్టపెట్టెలు ఇప్పటికీ మంచం కిందే ఉన్నాయి, గాజులు ఇంకా విడిపించుకోలేదు.

ఉన్నమాట చెప్పకుండా ఆవిడ మనసు కాపాడామనుకున్నాం. ఆ మర్యాదకు మూల్యం ఆవిడ కట్టింది.

5. టైమంతా సన్మానాలకే పోతోంది. పదింటికి మొదలవ్వాల్సిన సమావేశం పదకొండుకు మొదలవుతుంది. వేదిక మీదికి పిలుపులు, శాలువాలు, ఫొటోలు అయ్యేసరికి పన్నెండున్నర. కథ చదివే మనిషి టెన్షన్‌తో కాగితాలు నలుపుకుంటూ వెనక కూర్చుని ఉంటుంది. చివరికి "కాస్త క్లుప్తంగా కానివ్వండమ్మా, భోజనాల వేళయింది" అంటారు. తెనాలి నుంచో గుడివాడ నుంచో పొద్దున్నే బయల్దేరి వచ్చిన మనిషి సగం కథ చదివి తిరుగు బస్సెక్కుతుంది.

6. ఆడవాళ్లు చెప్పుకోలేని ఇబ్బంది ఇంకొకటుంది. కథ చదివిన రాత్రి ఫోన్లు వస్తాయి. "మీ కథ గురించి విడిగా మాట్లాడాలి, దిద్దిపెడతాను" అంటారు. మొదటి రెండు మాటలే కథ గురించి. కాదంటే వచ్చే నెల అదే కథ పనికిరానిదైపోతుంది. ఇలా వదిలేసి వెళ్లినవాళ్ల పేర్లు నాకు తెలుసు, ఇక్కడ రాయను. సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా అచ్చువేసి అందరికీ పంచాల్సిన అవసరం ఏమిటో కార్యవర్గం చెప్పాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. గుంటూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆదివారం బెజవాడ వచ్చి వెళ్లడం ఇప్పుడు ఖర్చులేని పని. కొత్తముఖాలు వస్తున్నాయి కూడా. ఒకసారి వస్తున్నారు, రెండోసారి రావడం లేదు. కొత్తవాళ్లు రావడం లేదని, యువతకు సాహిత్యం మీద శ్రద్ధ తగ్గిందని మన వార్షిక నివేదికలో ప్రతి ఏడూ రాసుకుంటున్నాం. వచ్చినవాళ్లను ఏం చేసి పంపుతున్నామో కూడా ఆ నివేదికలో రాయాలి.

దీనివల్ల నష్టపోయేది రాసేవాళ్లే అనుకోకండి. తొడిమలు తీసే కూలి గురించి, కోల్డ్ స్టోరేజీ హమాలీ గురించి, బుడమేరు వరద ఇళ్లలోకి వచ్చిన 2024 సెప్టెంబరు రోజుల్లో సింగ్‌నగర్ మేడల మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూసిన కుటుంబాల గురించి, అవి అనుభవించినవాళ్లు రాస్తేనే చదివేవాళ్లకు నిజం తెలుస్తుంది. వాళ్లకు శైలి వచ్చి ఉండకపోవచ్చు. దిద్దిపెట్టేవాళ్లుంటే వస్తుంది. 1914లో గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు బెజవాడ. పుస్తకం సామాన్యుడి దాకా పోవాలని పెద్దలు ఇక్కడే కూర్చుని అనుకున్నారు. 1943లో అభ్యుదయ రచయితలు తొలి మహాసభ పెట్టుకున్న తెనాలి మనకు గంట ప్రయాణం. ఈ చరిత్ర మన కరపత్రాల మీద ఎప్పుడూ ఉంటుంది. సామాన్యుడు తానే రాసి తెచ్చిన రోజున అతనితో మనం ఎలా మాట్లాడుతున్నామన్నదే మా ప్రశ్న.

ఇక మా కోర్కెలు. ఏదీ డబ్బు ఖర్చయ్యేది కాదు.

అన్నిటికన్నా ముందు, సమావేశంలో చదివిన చిత్తుప్రతి రచయిత అనుమతి లేకుండా హాలు దాటి పోకూడదని లిఖితపూర్వకమైన నిబంధన పెట్టండి. జిరాక్సు కాపీలు పంచితే వాటి మీద నంబరు వేసి, చర్చ అయ్యాక రచయితకే తిరిగి ఇచ్చేయాలి. పెన్సిల్ గుర్తులతో సహా. ఆ గుర్తులే రచయితకు కావాల్సింది. ఫొటోలు తీయకూడదు. వందలమంది ఉన్న పెద్ద గ్రూపులో కథ పెట్టమని కొత్తవాళ్లను బలవంతపెట్టకూడదు. ఆ నెల చదివి అభిప్రాయం చెప్పడానికి ఒప్పుకున్న ఏడెనిమిది మందికే పంపే ఏర్పాటు చేయాలి. నిబంధన మీరినవారు ఎంత పెద్దవారైనా ఆరునెలలు పఠన సమావేశానికి దూరంగా ఉండాలి.

మినిట్స్ పుస్తకంలో చదివిన తేదీ, కథ పేరు, పేజీలెన్ని, వస్తువు ఏమిటి అన్నది రెండు వాక్యాల్లో రాసి రచయిత సంతకం, కార్యదర్శి సంతకం తీసుకోండి. ఆటో నడిపే ఆ సభ్యుడి విషయంలో ఇదొక్కటి ఉన్నా అతను నలుగురిలో చెప్పుకోగలిగేవాడు. కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి, సాటి రచయితల మధ్య నిలుస్తుంది.

చర్చకు ఒక పద్ధతి కావాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు. అమెరికాలో 1956లో మిల్‌ఫర్డ్ అనే ఊళ్లో మొదలైన రచయితల సమావేశాల నుంచి చాలా దేశాలకు పాకిన పద్ధతి ఒకటుంది. రచనను అందరూ ముందే చదివి వస్తారు. గుండ్రంగా కూర్చుని వరసగా ఒక్కొక్కరూ తమకు తోచింది చెబుతారు. మధ్యలో ఎవరూ అందుకోరు. అంతసేపూ రచయిత మాట్లాడకుండా రాసుకుంటాడు, చివర్లో జవాబిస్తాడు. 1990లో లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు రూపొందించిన పద్ధతి ఇంకా మెత్తనిది. మొదట రచనలో తమను తాకిందేమిటో చెబుతారు. తర్వాత రచయిత తన సందేహాలు అడుగుతాడు. ఆపైన వినేవాళ్లు తీర్పు కలపని ప్రశ్నలు వేస్తారు. అభిప్రాయం చివరికి వస్తుంది, అదీ "ముగింపు గురించి ఒక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడిగాకే. ఇందులో ఏది తీసుకున్నా మనకు పనికొస్తుంది. నాకైతే కొత్తవాళ్లకు రెండోది, అలవాటుపడ్డవాళ్లకు మొదటిది బాగుంటుందనిపిస్తుంది. మనిషికి నాలుగు నిమిషాలు, అధ్యక్షుల చేతిలో గంట. గంట కొట్టాక మైకు వదిలేయాలి. ఇది సీనియర్లకూ వర్తించాలి, ముఖ్యంగా సీనియర్లకే వర్తించాలి.

మాట్లాడేవాళ్లు ఏ పేజీ, ఏ పేరా, ఏ పాత్ర అన్నది చెప్పి మాట్లాడాలి. "ఇది కథే కాదు" అన్నవారు ఎక్కడ కథ కాకుండా పోయిందో చూపించాలి. "అద్భుతం" అన్నవారు కూడా ఏ వాక్యమో చూపించాలి. రచయిత సొంత జీవితం, కులం, కుటుంబం ప్రస్తావన రాగానే అధ్యక్షులు ఆపాలి. ఆ పని చేయలేనివారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి. ఊరిపెద్ద అనో, హాలు ఇప్పించారనో ఆ బాధ్యత అప్పగించడం వల్లే సగం గొడవలు వస్తున్నాయి.

డ్రాఫ్టు తెచ్చే మాకూ కొన్ని నియమాలు పెట్టండి, పాటిస్తాం. కథ వారం ముందే అందజేయాలి. ఏ సాయం కావాలో పైన రెండు ముక్కల్లో రాయాలి: ఎత్తుగడ కుదిరిందా, ముగింపు ముందే తెలిసిపోతోందా, సంభాషణ సహజంగా ఉందా అని. చర్చ జరుగుతున్నంతసేపూ అడ్డుపడి వాదించకూడదు. "నా ఉద్దేశం అది కాదండీ" అని ప్రతి మాటకూ లేచి చెప్పుకునే రచయితలు ఎదుటివాళ్లకు నోరు తెరిచే అవకాశమే ఇవ్వరు. పత్రిక పాఠకుడి పక్కన కూర్చుని ఉద్దేశం వివరించలేం కదా. చెప్పినవన్నీ మార్చాలనీ లేదు. ముగ్గురు నలుగురు ఒకే చోట ఆగారంటే అక్కడ ఏదో ఉందని అర్థం. ఒక్కరే ఆగితే తీసుకోవడమా మానడమా అన్నది రచయిత ఇష్టం. తనకు పొగడ్త తప్ప ఇంకేమీ అక్కర్లేదనుకునేవారు పఠన సమావేశానికి తేవద్దు, ఆవిష్కరణ సభ పెట్టుకోవచ్చు.

సన్మానాలు పఠనం అయ్యాక పెట్టండి. మానేయమనడం లేదు.

ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి కార్యవర్గంలో లేని ఇద్దరు మహిళా సభ్యులను నియమించండి. ఫోన్ నంబర్ల జాబితా వెంటనే వెనక్కి తీసుకోండి. ఫిర్యాదు వస్తే ఎదుటివారి వాదన కూడా విని, నెలలోగా తేల్చి, ఇద్దరికీ రాతపూర్వకంగా చెప్పాలి.

చివరగా, ఆ మిరపకాయల కథ రాసిన అమ్మాయికి సంఘం తరఫున క్షమాపణ చెప్పాలి. హాల్లో జరిగింది కాబట్టి హాల్లోనే చెప్పాలి. ఫొటో బయటికి పంపినవారు ఎవరో కార్యవర్గానికి తెలుసు. కథ తన అనుమతి లేకుండా బయటికి వెళ్లిందని ధ్రువీకరిస్తూ కార్యదర్శి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇస్తే, వచ్చే పోటీకి పంపేటప్పుడు హామీపత్రంతో పాటు జతచేసుకుంటుంది. సంపాదకులు ఒప్పుకుంటారో లేదో వాళ్ల ఇష్టం. ఆ ఉత్తరం ఇవ్వడం మాత్రం మన చేతిలో పని.

మీలో చాలామంది దగ్గర నేను రాయడం నేర్చుకున్నాను. మీ ఇళ్లలో భోజనం చేశాను. ఈ లేఖ వల్ల కొందరికి కోపం వస్తుందని తెలుసు. "ఇంటిగుట్టు బజారున పడేసింది" అంటారు. ఇంట్లో చెప్పుకుంటే వినలేదు కాబట్టే బజారుకొచ్చామని మీరూ ఒప్పుకుంటారని నమ్ముతున్నాను.

డిసెంబరు సమావేశం ఎజెండాలో ఈ లేఖను మొదటి అంశంగా పెట్టి, ఒక్కొక్క కోర్కె మీద అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. కాదంటే కారణం కూడా రాయండి, వింటాం. జవాబు రాకపోతే, జనవరిలో పుస్తక ప్రదర్శన రోజుల్లో ఊరికొచ్చే రచయితలకు, పాఠకులకు, సంపాదకులకు ఈ లేఖ కాపీలు పంచుతాం. గుంటూరు బ్రాడీపేటలో ఒక సభ్యురాలు తన ఇంటి మేడ మీద చోటిస్తానన్నారు. డిసెంబరు దాకా ఆగుతాం, ఆ తర్వాత పైన రాసిన పద్ధతిలోనే అక్కడ చదువుకోవడం మొదలుపెడతాం. ప్రూఫులు దిద్దే పెద్దాయన వస్తానన్నారు. మీరు వచ్చినా ఒక కుర్చీ వేస్తాం, నాలుగు నిమిషాల నియమం అందరికీ ఒకటే.

ఇట్లు,
సంతకాలు చేసిన సభ్యుల తరఫున
మీ సంఘం సభ్యురాలు,
గుంటూరు